ఉద్యోగంతో పాటు బ్లూ కార్డు కూడా పోతుందా?

మ్యూనిక్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఆనవాళ్లు తెలియకూడదన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె వయసు 34, సొంతూరు గుంటూరు. బీటెక్ తర్వాత హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు డేటా ఇంజనీరుగా పనిచేసి, బ్లూ కార్డు (చదువు, నైపుణ్యం ఉన్న విదేశీయులకు యూరోపియన్ యూనియన్ దేశాలు ఇచ్చే ఉద్యోగ, నివాసానుమతి) మీద మ్యూనిక్‌లోని ఒక సంస్థలో చేరారు. ఈ నెలాఖరుకు అక్కడ 18 నెలలు నిండుతాయి. భర్త తెనాలి దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పేవారు. ఆ ఉద్యోగం వదులుకొని, పాపను తీసుకొని ఆమె వెంట వచ్చారు. జర్మన్ భాషలో మధ్యస్థాయి అయిన బీ1 పరీక్ష పాసై ఇప్పుడు దాని పై మెట్టు బీ2 తరగతులకు వెళ్తున్నారు. సాయంత్రాలు ఒక గోదాములో పార్సిళ్లు వేరుచేసే పనిలో ఉన్నారు. పాపకు ఐదేళ్లు, కిండర్‌గార్టెన్‌లో జర్మన్ ధారాళంగా మాట్లాడుతోంది.

గత సోమవారం హెచ్‌ఆర్ వాళ్లు ఆమెను పిలిచి, విభాగాన్ని తగ్గిస్తున్నామని చెప్పి, జర్మన్‌లో ఉన్న నాలుగు పేజీల కాగితం చేతికిచ్చారు. పరస్పర అంగీకారంతో ఉద్యోగం ముగించుకునే ఒప్పందం అది. వచ్చే నెలాఖరుకు ఉద్యోగం ముగుస్తుందని, పరిహారంగా రెండు నెలల జీతం ఇస్తామని, వారం రోజుల్లో సంతకం చేయాలని, చేస్తే పనితీరు గురించి మంచి సర్టిఫికెట్ ఇస్తామని, లేకపోతే తొలగింపు ఉత్తరం వస్తుందని చెప్పారు. నిజానికి ఆమె నియామక పత్రంలో నోటీసు కాలం మూడు నెలలు, అదీ నెలాఖరుతో ముగిసేలా ఉంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య 60 రోజుల్లో దేశం విడిచి వెళ్లాల్సి ఉంటుందన్నారు. తెలిసిన కన్సల్టెంటు ఒకాయన గొడవ పెట్టుకోకుండా సంతకం పెట్టెయ్యమన్నారు. నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ నుంచి ఒక సంస్థ ఇంటర్వ్యూకు రమ్మని సందేశం పంపింది. రెండు నెలల్లో అత్తగారికి గుంటూరులో మోకాలి ఆపరేషన్ ఉంది. హైదరాబాద్ దగ్గరి తెల్లాపూర్‌లో కొన్న ఫ్లాటుకు నెలనెలా 68 వేల వాయిదా కట్టాలి. వీటన్నిటికన్నా ఆమెను కుంగదీసింది ఆ రాత్రి భర్త అన్న మాట: "మంచిదే అయింది, ఇంటికి పోదాం పద." అప్పటి నుంచి ఇద్దరి మధ్య మాటలు లేవు. "సంతకం పెట్టాలా, వద్దా? కార్డు ఏ రోజున రద్దవుతుంది? పీఆర్‌కు (శాశ్వత నివాసానుమతికి) మూడు నెలల దూరంలో అంతా పోగొట్టుకుంటున్నానా? నా మూలంగా ముగ్గురి జీవితాలూ వీధిన పడ్డాయేమో" అని రాశారు.

మీ మూలంగా ఎవరి జీవితమూ వీధిన పడలేదు. ఒక సంస్థ తన లెక్కలు తాను చూసుకుంది, అంతే. మిగిలిన ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి కాబట్టి, అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్న దానితో మొదలుపెడతాను.

ఉద్యోగం ముగిసిన మర్నాడే బ్లూ కార్డు రద్దు కాదు. మీ అన్నయ్య చెప్పిన 60 రోజులు అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవారికి వర్తించే గడువు. ఆ లెక్కకు యూరప్‌తో సంబంధం లేదు. యూరోపియన్ యూనియన్ 2021లో తెచ్చి, 2023 నవంబరు నాటికి సభ్యదేశాలు అమలు చేయాలని గడువు పెట్టిన కొత్త బ్లూ కార్డు నిబంధనల ప్రకారం, కార్డు పొంది రెండేళ్లు నిండనివారికి కనీసం మూడు నెలలు, నిండినవారికి కనీసం ఆరు నెలలు నిరుద్యోగిగా ఉండే వెసులుబాటు ఉంది. నిరుద్యోగమే కారణంగా ఆ లోపు కార్డు వెనక్కి తీసుకోకూడదు. ఈ మూడు నెలలు మొదలయ్యేది మీకు కాగితం ఇచ్చిన సోమవారం నుంచి కాదు, ఉద్యోగం అధికారికంగా ముగిసే తేదీ నుంచి. నోటీసు కాలంలో మిమ్మల్ని ఆఫీసుకు రావద్దని ఇంట్లో కూర్చోబెట్టినా, జీతం వస్తున్నంత కాలం మీరు ఉద్యోగిగానే లెక్క. అంటే కాగితం మీద ఉండే ముగింపు తేదీ ఒక్కో నెల ఆలస్యమయ్యే కొద్దీ ఉద్యోగం వెతుక్కోవడానికి మీకు ఒక్కో నెల అదనంగా దొరుకుతుంది.

దీనితో పాటు ఒక బాధ్యత కూడా ఉంది. ఉద్యోగం ముందుగా ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లోగా ఆ సంగతి విదేశీయుల కార్యాలయానికి మీరే రాతపూర్వకంగా తెలియజేయాలి. మ్యూనిక్‌లో అది రూపెర్ట్‌స్ట్రాసెలోని కార్యాలయమే. కార్డు మీద ఇంకా రెండేళ్లకు పైగా గడువు కనిపిస్తోంది కదా అని ఊరుకునేవారు ఉన్నారు. ఆ తేదీని కుదించే అధికారం కార్యాలయానికి ఉంది. యజమాని కూడా తన వంతుగా తెలియజేయాలి కాబట్టి దాచినా దాగదు. మీరే ముందుగా చెప్పి, ఉద్యోగాల వేటలో ఉన్నట్టు ఆధారాలు చూపిస్తే మీ ఫైలు చూసే అధికారికి మీ మీద నమ్మకం కుదురుతుంది. మెయిలు పంపి, దాని ప్రతి దాచుకోండి.

ఇక ఆ నాలుగు పేజీల కాగితం. సంతకం చేయాలో వద్దో చివరికి తేల్చుకోవలసింది మీరే. కానీ వారం రోజుల్లో, అదీ జర్మన్‌లో ఏముందో పూర్తిగా తెలియకుండా చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఒప్పందం మీద సంతకం పెట్టాలని ఏ చట్టమూ మిమ్మల్ని నిర్బంధించదు. పెట్టకపోతే వాళ్లు నేరుగా తొలగించాలి, ఆ తొలగింపుకు జర్మనీలో చాలా షరతులు ఉన్నాయి. పదిమందికి మించి ఉద్యోగులున్న సంస్థలో ఆరు నెలలు దాటి పనిచేసినవారికి తొలగింపు నుంచి చట్టపరమైన రక్షణ ఉంటుంది. సిబ్బంది తగ్గింపు పేరుతో తొలగించేటప్పుడు ఎవరిని తీసేయాలో ఇష్టం వచ్చినట్టు నిర్ణయించడానికి వీల్లేదు. వయసు, పనిచేసిన కాలం, పోషించవలసిన కుటుంబం వంటివి లెక్కలోకి తీసుకోవాలి. సంస్థలో ఉద్యోగుల మండలి ఉంటే ముందుగా దాని అభిప్రాయం అడగాలి. తొలగింపు ఉత్తరం కాగితం మీద, సిరా సంతకంతో రావాలి, మెయిల్‌లో వస్తే చెల్లదు. అది చేతికందిన మూడు వారాల్లోగా కార్మిక న్యాయస్థానంలో దావా వేయవచ్చు. ఆ మూడు వారాలు దాటితే తొలగింపు ఎంత లోపభూయిష్ఠమైనదైనా చెల్లుబాటు అయిపోతుంది కాబట్టి, ఆ తేదీని మాత్రం ఏ పరిస్థితిలోనూ మరచిపోకండి.

సంతకం పెడితే ఈ రక్షణలన్నీ మీ అంతట మీరే వదులుకున్నట్టు. నిరుద్యోగ భృతి విషయంలో దెబ్బ ఇంకా సూటిగా తగులుతుంది. నిరుద్యోగ బీమాకు మీరు కట్టిన 18 నెలల చందా ఉంది కాబట్టి ఎనిమిది నెలల భృతికి అర్హులు, బిడ్డ ఉంది కాబట్టి చేతికందే జీతంలో 67 శాతం వస్తుంది. అయితే ఒప్పందం మీద సంతకం చేసినవారు తమ ఉద్యోగాన్ని తామే వదులుకున్నారని భావించి 12 వారాల పాటు భృతి ఆపేయవచ్చు. పైగా నోటీసు కాలం పూర్తికాకుండానే ఉద్యోగం ముగించుకొని బదులుగా పరిహారం తీసుకుంటే, మిగిలిన నోటీసు కాలానికి కూడా భృతి నిలిచిపోతుంది. రెండు నెలల జీతం అని వాళ్లు చూపిస్తున్న సొమ్ము, మీకు న్యాయంగా రావలసిన నోటీసు కాలపు జీతాన్నే తిప్పి మీ చేతిలో పెడుతున్నది.

సర్టిఫికెట్ సంగతికి వస్తే, ఆ మాటతో మిమ్మల్ని బెదిరించడం నాకు బాధ కలిగించింది. పనిచేసిన ప్రతి ఉద్యోగికీ రాతపూర్వకమైన సర్టిఫికెట్ ఇవ్వడం యజమాని చట్టబద్ధమైన బాధ్యత, అది ఉద్యోగి భవిష్యత్తుకు అడ్డుపడని విధంగా ఉండాలి కూడా. సంతకం పెట్టినందుకు బహుమతిగా ఇచ్చే వస్తువు కాదది. కన్సల్టెంటుగారు ఏ ఉద్దేశంతో చెప్పారో నాకు తెలియదు గాని, ఆ సలహా మీకు మేలు చేసేది కాదు.

అలాగని ఒప్పందాలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. కోర్టుకెళ్లి తేల్చుకోవడం అందరికీ సరిపడదు. మొదటి స్థాయి కార్మిక న్యాయస్థానంలో గెలిచినా మీ లాయరు ఖర్చు మీరే భరించాలి. పాత యజమానితో నెలల తరబడి పేచీ పడుతూ కొత్త ఇంటర్వ్యూలకు వెళ్లడం మనసుకు కష్టం. కాబట్టి మధ్యేమార్గం ఒకటి ఆలోచించండి. కాగితాన్ని తిరస్కరించకుండా, షరతులు మార్చమని అడగండి. ఇక్కడ ఒక లెక్క చూడాలి. జర్మనీలో పరిహారాలు మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా పనిచేసిన ఒక్కో ఏడాదికి అర నెల జీతం అన్న ప్రమాణం చెబుతారు. ఏడాదిన్నర ఉద్యోగానికి ఆ లెక్కన నెల జీతం కూడా రాదు. డబ్బు కోసం బేరమాడితే మీకు మిగిలేది కొద్దిగానే. అదే బలాన్ని తేదీ మీద పెట్టండి. పరిహారం తగ్గించుకుంటాను, బదులుగా ముగింపు తేదీని పూర్తి నోటీసు కాలం దాటి మరో రెండు మూడు నెలలు పొడిగించండి, ఆఫీసుకు రాకుండా జీతంతో విడుదల చేయండి, సర్టిఫికెట్ పాఠాన్ని ఒప్పందంలోనే జతచేయండి అని అడగవచ్చు. వీసా మీద బతికే మనిషికి నెల జీతం కన్నా నెల గడువు విలువైనది. చాలా సంస్థలు దీనికి ఒప్పుకుంటాయి, ఎందుకంటే కోర్టు తలనొప్పి లేకుండా పని ముగియడమే వాటికి కావలసింది. ఈ బేరం మీరొక్కరే ఆడవద్దు. కార్మిక చట్టంలో ప్రత్యేక అర్హత ఉన్న లాయరు దగ్గరికి నియామక పత్రం, ఈ నాలుగు పేజీలు పట్టుకొని వెళ్లండి. తొలి సంప్రదింపు ఫీజుకు చట్టమే పరిమితి పెట్టింది కాబట్టి ఆ ఖర్చుకు వెనకాడవలసిన పని లేదు.

ఇప్పుడు మీరు "పీఆర్‌కు మూడు నెలల దూరం" అని రాసిన మాట. అది సగం నిజం. బ్లూ కార్డు మీద ఉన్నవారు జర్మనీలో 27 నెలలు అర్హత గల ఉద్యోగం చేసి, పింఛను చందాలు కట్టి, తొలి మెట్టు అయిన ఏ1 స్థాయి జర్మన్ చూపిస్తే శాశ్వత నివాసానుమతి వస్తుంది. బీ1 ఉంటే ఆ కాలం 21 నెలలకు తగ్గుతుంది. మీకున్నది బీ1కి ఒక మెట్టు కింద ఉండే ఏ2 అని రాశారు. అంటే బీ1 పరీక్ష పాసైతేనే 21 నెలల లెక్క మీకు పనికొస్తుంది, లేకపోతే ఇంకా తొమ్మిది నెలలు ఉంది. వాళ్లు చెప్పినట్టు వచ్చే నెలాఖరుకు ముగిస్తే 19 నెలల దగ్గర ఆగిపోతారు. ఈ నెలలో తొలగింపు ఉత్తరం ఇచ్చి మూడు నెలల నోటీసు నడిస్తే 21 నెలలు నిండుతాయి. ఆ నాలుగు పేజీల కాగితం ఖరీదు ఏమిటో ఈ రెండు అంకెల్లో ఉంది.

అయినా ఇక్కడ మీకు వట్టి ఆశ కల్పించడం నాకు ఇష్టం లేదు. నెలలు నిండటం ఒక్కటే చాలదు. కుటుంబ పోషణకు స్థిరమైన ఆదాయం ఉందని చూపాలి. నోటీసు నడుస్తున్న ఉద్యోగాన్ని చూపిస్తే అధికారి సంతృప్తి పడకపోవచ్చు. సాధారణంగా వాళ్లు నోటీసు లేని ఉద్యోగంలో ఉన్నట్టు యజమాని ధ్రువీకరణ అడుగుతారు. దీనికి తోడు అక్కడి చట్టం, సమాజం గురించి 33 ప్రశ్నల పరీక్ష ఒకటి ఉంది, అందులో 15 సరైతే చాలు. కాబట్టి 21వ నెల నిండిన రోజున చేతికి పీఆర్ వస్తుందని అనుకోకండి. అయితే గడిచిన నెలలు వృథా కావు. తర్వాత దొరికే ఉద్యోగం కూడా బ్లూ కార్డుకు సరిపడేదైతే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కాదు. కొత్త ఉద్యోగంలో కుదురుకున్న కొద్ది నెలలకే దరఖాస్తు చేసే స్థితిలో ఉంటారు. ఈ మూడు నెలల్లో మీ చేతుల్లో పూర్తిగా ఉన్న పని ఏదైనా ఉందంటే అది బీ1 పరీక్షే. దాని తేదీలు త్వరగా నిండిపోతాయి కాబట్టి ముందు సీటు బుక్ చేసుకొని తర్వాత చదవడం మొదలుపెట్టండి. ఇంట్లోనే గురువు ఉన్నారు మీకు. ఆయన సంగతికి కాసేపట్లో వస్తాను.

ముందున్న దారుల్లో మొదటిది అక్కడే మరో ఉద్యోగం. మీరు తొలి 12 నెలలు దాటారు కాబట్టి, ఉద్యోగం మారేటప్పుడు విదేశీయుల కార్యాలయం దాన్ని పరిశీలించి ఆపగలిగే దశ ముగిసింది. జీతం మాత్రం కనీస పరిమితికి తగ్గకూడదు. ఐటీ, ఇంజనీరింగ్ వంటి కొరత ఉన్న వృత్తులకు ఆ పరిమితి 2025లో ఏడాదికి 43,759.80 యూరోలు, 2026కు 45,934.20 యూరోలు. మీ అనుభవానికి ఇది అందని జీతం కాదు. అయితే జర్మన్ సంస్థల్లో ఇంటర్వ్యూలు నిదానంగా సాగుతాయి, మూడు దశలు దాటేసరికి రెండు నెలలు గడిచిపోవడం మామూలే. అందుకే నోటీసు కాలం మొదటి రోజు నుంచే వెతకాలి. ఉద్యోగం ముగుస్తోందని తెలిసిన మూడు రోజుల్లోగా ఉపాధి కార్యాలయంలో ఉద్యోగార్థిగా నమోదు కావాలి. ఆలస్యమైతే వారం భృతి కోసేస్తారు. ఆ భృతి మీ చందాతో వచ్చేది కాబట్టి తీసుకుంటే కార్డుకు ముప్పు లేదు. పన్నుల సొమ్ముతో ఇచ్చే సామాజిక సాయం జోలికి మాత్రం వెళ్లకండి. ఇంకొక పొరపాటు చాలామంది చేస్తారు: భృతి ఎనిమిది నెలలు వస్తుంది కాబట్టి ఎనిమిది నెలలు ఉండవచ్చనుకుంటారు. డబ్బు వచ్చే కాలం వేరు, ఉండనిచ్చే కాలం వేరు. మూడు నెలలు దగ్గరపడుతున్నా ఉద్యోగం కుదరకపోతే, ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది దాకా ఇచ్చే అవకాశ కార్డుకు లోపలి నుంచే మారవచ్చు. కానీ అది మీ ఒక్కరి పోషణకు ఆధారాలు అడిగే కార్డు, కుటుంబాన్ని దాని మీద నిలబెట్టడం బ్లూ కార్డు మీద నిలబెట్టినంత తేలిక కాదు.

ఐంధోవెన్ సందేశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక సభ్యదేశంలో బ్లూ కార్డు మీద 12 నెలలు ఉన్నవారు, డెన్మార్క్, ఐర్లండ్ తప్ప మరో సభ్యదేశానికి వీసా లేకుండానే వెళ్లి, చేరిన నెల లోపు అక్కడి కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కుటుంబమూ వెంట వెళ్లవచ్చు. అయితే ఈ సౌకర్యం చేతిలో చెల్లుబాటయ్యే కార్డు ఉన్నంత వరకే. నెదర్లాండ్స్‌లో జీతం పరిమితి చాలా ఎక్కువ, 2025లో నెలకు 5,688 యూరోలు, అదీ సెలవు భత్యం కలపకుండా. మీ జర్మన్ నెలలు అక్కడి శాశ్వత నివాసానికి నేరుగా పనికిరావు. కానీ అయిదేళ్ల నివాసంతో వచ్చే యూరోపియన్ దీర్ఘకాలిక హోదాకు రెండు దేశాల కాలమూ కలుస్తుంది, చివరి రెండేళ్లు దరఖాస్తు చేసే దేశంలో గడిపి ఉంటే చాలు. నష్టం ఇంకో చోట ఉంది. పాప నేర్చిన జర్మన్, మీ ఆయన ఏడాదిన్నరగా కష్టపడి నేర్చుకున్న జర్మన్ అక్కడ మళ్లీ మొదటికొస్తాయి. ఇంటర్వ్యూ మాత్రం ఇవ్వండి. చేతిలో ఒక ఆఫర్ ఉంటే హెచ్‌ఆర్ ముందు కూర్చున్నప్పుడు మీ గొంతు మారుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన విషయం. కార్డు గురించి, కాగితం గురించి, ఈఎంఐ గురించి పేజీలకు పేజీలు రాశారు. మీ భర్త ఎంటెక్ చదివారని, ఎనిమిదేళ్లు మెకానికల్ పాఠాలు చెప్పారని, వయసు 37 అని మాత్రం ఒకే వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. జోడెద్దుల బండిని ఇన్నాళ్లూ ఒక్క ఎద్దుతోనే లాగించారు. బ్లూ కార్డుదారు జీవిత భాగస్వామిగా ఆయనకు ఏ ఉద్యోగమైనా చేసే హక్కు మొదటి రోజు నుంచీ ఉంది. గుర్తింపు గల డిగ్రీ, అర్హతకు తగిన ఉద్యోగం ఉంటే ఆయనకు సొంతంగా నిపుణుల నివాసానుమతి వస్తుంది. 2023 నవంబరు మార్పుల తర్వాత ఉద్యోగం చదివిన శాఖలోనే ఉండాలన్న నియమం కూడా సడలింది. 45 ఏళ్ల లోపువారు కాబట్టి ఆ అనుమతికి ప్రత్యేక జీతం పరిమితి లేదు, అదే పనిచేసే స్థానికులకు ఇచ్చేంత ఇస్తే చాలు. జీతం ఇంకొంచెం ఎక్కువైతే, ఇంజనీరింగ్ కొరత వృత్తి కాబట్టి, ఆయనకే బ్లూ కార్డు రావచ్చు. అప్పుడు మీరు, పాప ఆయన మీద ఆధారపడినవారిగా ఉండవచ్చు. మీరు ఏ ఉద్యోగమైనా చేయవచ్చు, మూడు నెలల కత్తి మీ మెడ మీద ఉండదు.

దీనికి ముందు చూడవలసింది ఆయన చదివిన విశ్వవిద్యాలయానికి జర్మన్ అధికారిక డేటాబేసులో ఉన్న హోదా. అనాబిన్ అనే ఆ జాబితాలో సంస్థ, డిగ్రీ స్పష్టంగా కనిపిస్తే ఆ ముద్రిత పేజీ చాలు. లేకపోతే బాన్‌లోని కేంద్ర విద్యార్హతల కార్యాలయం నుంచి మూల్యాంకన పత్రం తెప్పించుకోవాలి, ఫీజు 208 యూరోలు. దానికి సమయం పడుతుంది కాబట్టి ఉద్యోగం దొరికాక చూద్దామనుకోకండి. మ్యూనిక్ చుట్టుపక్కల యంత్రాల తయారీ, పరీక్షల రంగాల్లో బీ1, బీ2 జర్మన్ ఉన్న మెకానికల్ ఇంజనీరుకు తలుపులు మూసి ఉండవు. ఐటీలో మీకు ఇంగ్లిష్‌తో గడిచినట్టు ఆయన రంగంలో గడవదు. ఆ భాష కోసమే ఆయన ఇన్నాళ్లూ ఆగి ఉంటారు. వెంటనే దొరుకుతుందని చెప్పలేను. ఆయన అనుమతి మీ కార్డుకు ముడిపడి ఉంది కాబట్టి, మీ కార్డు గట్టిగా ఉన్న నోటీసు కాలంలోనే ఈ ప్రయత్నం జరగాలి.

"మంచిదే అయింది" అన్న మాటను మీరు మీ ఓటమిని చూసి ఆయన సంతోషించడంగా తీసుకున్నారు. అలా కూడా అయి ఉండవచ్చు, దూరం నుంచి నేను తేల్చలేను. కానీ తరగతి గదిలో అరవై మంది ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషి, చలికాలపు సాయంత్రం గోదాములో బెల్టు మీద వచ్చే పెట్టెల మీది పిన్‌కోడ్‌లు చూసి వేరుచేస్తూ, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న తల్లి దగ్గర లేకుండా ఉన్నప్పుడు, ఇంటికి పోదాం అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంటుంది. మీ ఆందోళన చూడలేక అన్న మాట కూడా కావచ్చు. ఏది నిజమో ఆయన్నే అడగాలి. అడిగేటప్పుడు కార్డు ప్రస్తావన తేవద్దు. "మీరు ఇక్కడ ఇంజనీరుగా పనిచేయగలిగితే ఉండాలని ఉందా, అప్పుడు కూడా వెళ్లిపోవాలనే ఉందా?" అని అడగండి. మొదటి జవాబు వస్తే మీ ఇద్దరి ప్రయత్నమూ ఒకే వైపు సాగుతుంది. రెండోది వస్తే అదీ న్యాయమైన జవాబే. అప్పుడు మీరు మాట్లాడుకోవలసింది ఎప్పుడు, ఎలా వెళ్లాలన్న దాని గురించి.

తిరిగి వెళ్లడాన్ని ఓటమిగా లెక్కకట్టకుండా, మిగతా వాటిలాగే ఒక దారిగా చూడండి. మీ అనుభవంతో హైదరాబాద్‌లో ఉద్యోగం దొరకడం అసాధ్యమేమీ కాదు, ఈఎంఐ రూపాయల్లోనే ఉంది, ఆపరేషన్ తర్వాత అత్తగారికి తోడు దొరుకుతుంది. కట్టిన పింఛను నెలలు కూడా ఊరికే పోవు, భారత్, జర్మనీల సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే నుంచి అమల్లో ఉంది. నష్టం ఏమిటో కూడా తెలుసుకొని వెళ్లాలి. బ్లూ కార్డుదారులు 12 నెలల దాకా బయట ఉండి రావచ్చన్న నిబంధన తాత్కాలికంగా వెళ్లినవారికి వర్తిస్తుంది. ఇల్లు ఖాళీ చేసి, చిరునామా రద్దు చేయించుకొని శాశ్వతంగా వెళ్లినవారి కార్డు అక్కడితో ముగుస్తుంది. మళ్లీ రావాలంటే కొత్త ఆఫర్, కొత్త వీసా, 21 నెలల లెక్క మొదటి నుంచి. వచ్చే ఏడాది పాపకు బడి వయసు వస్తుంది కాబట్టి, ఏ దేశపు ఒకటో తరగతిలో చేరుతుందన్నది కూడా ఈ నిర్ణయంలో భాగమే.

మోకాలి ఆపరేషన్‌ను మాత్రం ఈ గొడవలన్నిటి నుంచి విడదీయండి. అది రెండు నెలల్లో ఉంది, మీరు సంతకం చేయకపోతే అప్పటికి మీ ఉద్యోగం కాగితం మీద ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆయన అప్పుడే నెల రోజులు వెళ్లి తల్లిని చూసుకొని రావచ్చు, అనుమతికి ఏ ఇబ్బందీ ఉండదు. ఉద్యోగం ముగిశాక, మీ కార్డు గడువు మీద కార్యాలయం ఆలోచిస్తున్న సమయంలో ఆయన దేశం బయట ఉండటం మంచిది కాదు. మీరు కూడా వెళ్లాలనుకుంటే నోటీసు కాలపు సెలవులోనే వెళ్లండి. భృతి మొదలయ్యాక ఏడాదికి మూడు వారాలకు మించి ఊరు దాటకూడదు, ఆ మూడు వారాలకైనా ముందుగా అడగాలి. ఈ ప్రయాణం టికెట్ ముందు బుక్ చేసి, ఆ తర్వాత ఆయనతో మిగతా విషయాలు మాట్లాడండి. తల్లి గురించిన దిగులు తీరాక ఆయన ఇచ్చే జవాబు వేరుగా ఉండవచ్చు.

వచ్చే సోమవారం లోపు హెచ్‌ఆర్‌కు రెండు వాక్యాల మెయిలు పంపండి చాలు: ఒప్పందాన్ని లాయరుకు చూపిస్తున్నాను, దానికి మరో రెండు వారాల గడువు కావాలి. కారణాలు, కన్నీళ్లు, కోపం ఏవీ అందులో వద్దు. సమావేశానికి మళ్లీ పిలిస్తే వెళ్లండి, వినండి, ఆ గదిలో ఏ కాగితం మీదా, అందినట్టు రాసే రసీదు మీద కూడా, లాయరు చూడకుండా సంతకం చేయకండి. తొలగింపు ఉత్తరమే వస్తే కవరు మీద అందిన తేదీ రాసి, అదే రోజు లాయరుకు ఫోను చేయండి.